ముఖచిత్రానికెక్కే కారు

వీణకు శ్రుతి చేసినట్లే మోటారు కారు ఇంజనుకూ శ్రుతి చేసేవారు లోకంలో ఉన్నారు. దాన్ని వారు ట్యూనింగ్ అంటారు. కంపెనీవారు ఇచ్చిన బండిని ఇచ్చినట్లు వాడుకుంటే వారికి తృప్తి ఉండదు. ఒక కార్బురేటరు ఉన్నచోట మూడు పెడతారు. క్యామ్‌షాఫ్టు ఊడదీసి వేరొకటి బిగిస్తారు. బరువు తగ్గాలని మడ్‌గార్డులూ బంపర్లూ తీసి పారేస్తారు. ఇంట్లో ఇల్లాలు సణుగుతున్నా జీతంలో సగం దానికే పోసి, రెండేళ్లో మూడేళ్లో షెడ్డులో మసి పూసుకుని, చివరకు ఒకనాడు ఆ బండిని వీథిలోకి తెస్తారు. ఇక అప్పటినుంచీ వారికుండే కోరిక ఒక్కటే. బండి బొమ్మ పత్రికలో పడాలి!

ఇందుకోసమే పుట్టిన పత్రికలు అమెరికాలో, జపానులో, ఇంగ్లండులో చాలా ఉండేవి. ఇప్పుడు కొన్నే ఉన్నాయి. వాటిలో బొమ్మ పడితే బండికి విలువ పెరుగుతుంది. దాన్ని తయారుచేసిన మెకానిక్కుకు పేరు వస్తుంది, పని వస్తుంది. అందువల్ల, పోటీకి కథ పంపిన రచయిత తపాలా జవాను కోసం గుమ్మంలో నిలబడినట్లు, బండివాళ్లు సంపాదకుడి జవాబు కోసం కాచుకుని కూర్చుంటారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంజన్ల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. నన్నాకర్షించింది ఇంజను కాదు, ఏరివేత. వచ్చిన వందలో పది ఏరి పెట్టే మనిషి దేన్ని చూసి ఏరుతాడు? ఈ ప్రశ్న పద్యానికైనా ఒకటే, కారుకైనా ఒకటే.

ఈ పత్రికల్లో పెద్దన్నగారి వంటిది అమెరికాలోని 'హాట్ రాడ్'. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ అనే యువకుడు, రాబర్ట్ లిండ్సే అనే స్నేహితునితో కలిసి దాన్ని ప్రారంభించాడు. పీటర్సన్‌కు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. పత్రిక వెల పాతిక సెంట్లు. ఆ నెలలోనే లాస్ ఏంజిలస్ నగరంలో ఇటువంటి కార్ల ప్రదర్శన ఒకటి జరిగితే, అక్కడికి వచ్చిన జనానికి తొలి సంచికను చేతికిచ్చి అమ్ముకున్నారు.

ఆ సంచిక ముఖచిత్రం మీద ఉన్నది 668 అంకె వేసిన ఒక రోడ్‌స్టర్ కారు. అంటే పైకప్పు లేని చిన్న బండి. నడిపినవాడు ఎడ్డీ హల్స్. దాన్నే ఎందుకు ఏరారంటే, జవాబు సులువు. అది గంటకు 136 మైళ్ల పైచిలుకు వేగంతో తన తరగతిలో రికార్డు సాధించిన బండి. దక్షిణ కాలిఫోర్నియాలో ఎల్ మిరాజ్ వంటి ఎండిపోయిన సరస్సులున్నాయి. నీరు ఇంకిపోయాక మైళ్ల కొద్దీ బల్లపరుపుగా, గట్టిగా మిగిలిన నేల అది. 1937లో ఏర్పడిన దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ సంఘంవారు అక్కడ గడియారాలు పెట్టి, ఏ బండి ఎంత వేగం పోయిందో కొలిచి చెప్పేవారు. సంపాదకుడు ఎవరి మాటా నమ్మనక్కరలేదు. జల్లెడ ఎవరో పట్టి ఇచ్చారు. అతడు మేలిమి గింజలు ఏరుకోవడమే.

అయితే వేగం ఒక్కటే చూశారనుకుంటే పొరపాటు. హాట్ రాడ్ కుర్రాళ్లంటే ఆ రోజుల్లో దినపత్రికలకూ పోలీసులకూ గిట్టేది కాదు. వీథుల్లో పందేలు వేసుకుని ప్రాణాలు తీసే పోకిరీలని వారి అభిప్రాయం. ఆ నింద పూర్తిగా అబద్ధమూ కాదు. అందుకని పత్రిక మొదటి సంపాదకులలో ఒకడైన వాలీ పార్క్స్, ఈ కుర్రాళ్లను వీథినుంచి తప్పించి గడియారం ముందుకు తీసుకువెళ్లడం తన పనిగా పెట్టుకున్నాడు. 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించినవాడూ ఆయనే. 1954లో ఆ సంస్థవారు నలుగురిని ఒక బండిలో దేశం మీదికి పంపి, ఊరూరా క్షేమంగా పందేలు ఎలా నడుపుకోవాలో చూపించారు. ఆ నలుగురిలో ఒకడు ఎరిక్ రిక్‌మన్, హాట్ రాడ్ ఫొటోగ్రాఫరు. ఏ బండి బొమ్మ వేస్తే దాన్ని చూసి వెయ్యిమంది కుర్రాళ్లు అటువంటిదే కడతారని ఆ సంపాదకులకు తెలుసు. అతుకు సరిగా వేయని బండిని, బ్రేకులు సరిలేని బండిని గొప్పచేసి చూపితే, ఎక్కడో ఒక తల్లికి కడుపుకోత.

ఇక ఏరివేత పద్ధతి చూద్దాం. ఇది అచ్చంగా మన పెళ్లిచూపుల తంతు. మొదట ఫొటోలు వెళతాయి. వాటితోపాటు జాతకం వంటి ఒక కాగితం: ఏ సంవత్సరపు బండి, ఏ ఇంజను, ఏ భాగం ఎవరు చేశారు, రంగు ఎవరు వేశారు, శక్తి ఎంత. ఫొటోలు మసకగా ఉంటే బండి ఎంత మంచిదైనా సంబంధం అక్కడితో సరి. బండి పూర్తి కాలేదు, సీట్లు ఇంకా కుట్టించాలి అంటే, కుట్టించుకుని రమ్మంటారు. సంపాదకుడి కన్ను బానెట్టు తెరిచిన చోట ముందు పడుతుంది. వైర్లు వేలాడుతున్నాయా, గొట్టాలు వంపు తిరిగిన చోట చక్కగా తిరిగాయా, పైకి రంగు మెరుస్తున్నా అడుగున తుప్పున్నదా అని వెతుకుతాడు.

మరో నియమం ఉన్నది. అదివరకు వేరొక పత్రికలో పడిన బండిని సాధారణంగా తీసుకోరు. ఒకరింట్లో తాంబూలాలు పుచ్చుకుని మరొకరింటికి వెళ్లినట్లవుతుంది మరి. మా దగ్గర పడేదాకా ఇంకెవరికీ చూపకండి అని మాట తీసుకుంటారు. సంచిక తయారుకావడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఆ మాట నిలబెట్టుకోవడం బండివాడికి నిజంగా పరీక్షే. కొత్త బండి చేయించుకుని ఎవరికీ చూపకుండా ఉండగలిగినవాణ్ణి నేనింకా చూడవలసి ఉన్నది.

ఇవన్నీ గట్టెక్కినా, పది బండ్లు సమానంగా ఉంటే ఏది పడుతుంది? కథ ఉన్నది పడుతుంది. తండ్రి వదిలిపోయిన పాత బండిని కొడుకు పునరుద్ధరించాడనుకోండి, ఎవరూ పెట్టని ఇంజనును ఎవరూ పెట్టని బండిలో ఇరికించాడనుకోండి, రాయడానికి నాలుగు మాటలు దొరుకుతాయి. డబ్బు పోసి కొన్న భాగాలన్నీ బిగించిన బండికి బొమ్మ ఉంటుంది గాని కథ ఉండదు. వారపత్రిక సంపాదకులను అడగండి, ఇదే చెబుతారు.

డబ్బు మాట ఎత్తాను కాబట్టి ప్రకటనల సంగతీ చెప్పుకోవాలి. ఈ పత్రికలను పోషించింది చందాదారులు ఒక్కరే కాదు. క్యామ్‌షాఫ్టులు, పిస్టన్లు, కార్బురేటర్లు చేసి అమ్మేవారి ప్రకటనలు పేజీ పేజీకీ ఉండేవి. ఆ వ్యాపారులందరూ కలిసి 1963లో సెమా అనే సంఘం పెట్టుకున్నారు. 1967లో లాస్ ఏంజిలస్‌లోని డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియంలో మొదటి ప్రదర్శన జరిపారు. ఆ ప్రదర్శన ఇప్పుడు ఏటేటా లాస్ వేగస్‌లో జరుగుతుంది. పత్రికలవారు అక్కడ తిరుగుతూ రాబోయే సంచికలకు బండ్లు చూసుకుంటారు. కాని అక్కడ నిలబెట్టిన బండ్లలో అనేకం, ఏదో ఒక కంపెనీ తన సరుకు చూపించుకోవడానికి చేయించినవి. సంపాదకుడు బండిని ఏరుతున్నాడో, ప్రకటనదారుణ్ణి ఏరుతున్నాడో చెప్పడం ఒక్కోసారి కష్టం.

చూడముచ్చటైన బండి నడుస్తుందా అన్నది ఇంకొక తగవు. ఓక్లండ్ నగరంలో మొదలైన ప్రదర్శనలో 1950 నుంచి అమెరికాలోకెల్లా అందమైన రోడ్‌స్టర్ అని ఒక బహుమతి ఇస్తున్నారు. మొదటి ఏడు అది బిల్ నీక్యాంప్ అనే ఆయన చేసిన 1929 నాటి ఫోర్డు బండికి దక్కింది. ప్రదర్శన బండ్లు నిలబెట్టి చూడడానికే పనికివస్తాయని ఎగతాళి చేసేవారు అప్పుడూ ఉన్నారు. 1952లో నీక్యాంప్ బండిని ఎల్ మిరాజ్‌కు తీసుకుపోయి పరుగెత్తించారు. గంటకు 142 మైళ్లు పోయింది. అందానికి ఇంతకంటే ఘనమైన యోగ్యతాపత్రం ఏముంటుంది?

ఇంతవరకు బాగానే ఉన్నది. కొలత మీద తీర్పు ఉన్నన్నాళ్లు ఎంపిక తప్పుదారి పట్టలేదు. కొలిచే గడియారం పత్రికవారిదే అయినా, కొలతకు వచ్చిన బండి వేరొకరు ముస్తాబు చేసి ఇచ్చింది అయితే ఏమవుతుందో 1964లో తేలింది.

జనరల్ మోటార్స్‌వారి పాంటియాక్ శాఖ ఆ యేటి మోడళ్లలో టెంపెస్ట్ అనే మధ్యరకం బండిలో 389 ఘనపుటంగుళాల పెద్ద ఇంజను పెట్టి, జీటీఓ అని పేరు పెట్టింది. అంత చిన్న బండిలో అంత పెద్ద ఇంజను పెట్టరాదని కంపెనీ నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి కొత్త బండి అనకుండా, అదనపు సామగ్రి అనే పేరుతో సుమారు 296 డాలర్లకు అమ్మారు. జీటీఓ అన్న పేరు ఇటలీలోని ఫెరారీవారి సుప్రసిద్ధమైన పందెపు కారుది. అమెరికా కుటుంబపు బండికి ఆ పేరు పెట్టడం చూసి కారు ప్రియులు మండిపడ్డారు.

'కార్ అండ్ డ్రైవర్' పత్రిక 1964 మార్చి సంచిక ముఖచిత్రంగా ఈ రెండు జీటీఓలనూ పక్కపక్కన బొమ్మ గీయించి వేసింది. సంపాదకుడు డేవిడ్ ఇ. డేవిస్. పాంటియాక్ ఆగినచోటినుంచి 4.6 సెకండ్లలో గంటకు 60 మైళ్లు అందుకున్నదని అచ్చువేశారు. ఆ రోజుల్లో వీథిలో తిరిగే బండికి ఇది నమ్మశక్యం కాని అంకె. తమాషా ఏమంటే, ఆ పరీక్షకు ఫెరారీ రానేలేదు. రెండు బండ్లూ ఒక బాట మీద ఎన్నడూ తలపడలేదు. అయినా ముఖచిత్రం చూసినవాడికి కళ్లముందు పందెం జరిగినట్లే తోచింది.

ఇంకా పెద్ద తమాషా తరువాత బయటపడింది. పాంటియాక్ ప్రచారం చూసిన జిమ్ వ్యాంగర్స్ 1998లో తన అనుభవాలను పుస్తకంగా వెలువరించాడు. పత్రికకు ఇచ్చిన ఎర్ర బండిలో ఉన్నది 389 ఇంజను కాదు, దుకాణంలో కొనేవాడికి దొరకని 421 ఇంజను అని ఒప్పుకున్నాడు. పైకి చూస్తే రెండూ ఒకే తీరుగా ఉంటాయి. మిషిగన్ రాష్ట్రంలో రాయల్ పాంటియాక్ అనే దుకాణంవారు దాన్ని శ్రుతి చేసి పంపారు. కథానాయిక బదులు డూపును పంపి సంబంధం కుదుర్చుకున్నట్లన్నమాట! ముప్ఫైనాలుగేళ్లు ఆ అంకె నిజంగా చెల్లింది.

అయిదు వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్న ఆ బండ్లు మొదటి ఏడు 32,450 అమ్ముడయ్యాయి. బండి మంచిదే; అమ్మకమంతా ఆ వ్యాసం పుణ్యమని అనడానికి లేదు. కాని ఆ సంచిక చదివి, 4.6 సెకండ్లు నమ్మి, వాయిదాల మీద అప్పుచేసి కొన్న గుమాస్తా ఒకడైనా ఉండి ఉండడా? రోడ్డు మీదికి తెచ్చి, పక్కవాడితో పందెం వేసి, తన బండికి ఏమి తెగులో తెలియక మెకానిక్కు చుట్టూ తిరిగి ఉండడా? వ్యాంగర్స్ చమత్కారాన్ని మెచ్చుకునేవారు నేటికీ ఉన్నారు. నాకు మాత్రం ఆ గుమాస్తా మీదనే జాలి.

జపానువారు దీనికి ఒక విరుగుడు కనిపెట్టారు. 1981లో ఇనదా దైజిరో ప్రారంభించిన 'ఆప్షన్' అనే పత్రిక, మీ బండి ఎంత వేగమో చెప్పకండి, యతాబేకు తెచ్చి చూపించండి అన్నది. ఇబరాకి మండలంలోని యతాబేలో, గోడలు కట్టినట్లు అంచులు పైకెత్తిన వలయాకారపు పరీక్షబాట ఉండేది. మెకానిక్కులు తమ తమ బండ్లు తెచ్చేవారు. చాలాసార్లు ఇనదాయే చక్రం పట్టేవాడు. గంటకు 300 కిలోమీటర్లు దాటడం వారికొక వ్రతమైపోయింది. దుకాణంవాడు ఎంత గొప్పలు చెప్పినా, అక్కడ ఇంజను పగిలి తెల్లటి పొగ వచ్చిందంటే అందరూ చూస్తూనే ఉంటారు. డూపుకు అక్కడ వీలు లేదా అంటే ఉన్నది. కాని అతివేగంలో సంపాదకుడి ప్రాణం ఆ బండిలోనే ఉంటుంది గదా! 1983లో ఈ ఇనదాయే టోక్యోలో ట్యూనింగ్ కార్ల ప్రదర్శన ఒకటి మొదలుపెట్టాడు. ఇప్పుడు టోక్యో ఆటో సలోన్ అని పిలిచేది దాన్నే.

కాలం మారింది. ఇంగ్లండులో కుర్రకారు ఎగబడి చదివిన 'మ్యాక్స్ పవర్' 2011లో ఆగిపోయింది. 2019 డిసెంబరులో అమెరికాలోని ఒక ప్రచురణ సంస్థ తన 22 కార్ల పత్రికలలో 19 అచ్చువేయడం మానివేసింది. మిగిలిన మూడింటిలో ఒకటి హాట్ రాడ్. ఇప్పుడు బండివాడే తన బండిని సెల్‌ఫోనుతో తీసి లోకానికి చూపించుకుంటున్నాడు. తాంబూలాలు లేవు, మూడు నెలలు దాచిపెట్టడం లేదు. బానెట్టు ఎత్తి చూపమని అడిగే సంపాదకుడూ మధ్యలో లేడు.