ఏడు రెక్కలు, ఒక కత్తి
సెల్యులార్ జైలు నమూనా చేయాలంటే ఓపిక ఒక్కటే చాలదు. పనిముట్ల ఎంపిక తెలియాలి, అండమాన్ తేమలో వాటిని కాపాడుకోవడమూ తెలియాలి

సెల్యులార్ జైలును పూర్తి రూపంలో చూడాలంటే పాత ఫొటోలో, నమూనాలో తప్ప గత్యంతరం లేదు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడంలో మధ్య బురుజు నుంచి చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు సాగేవి. జపాన్ ఆక్రమణ కాలంలో రెండు, స్వాతంత్య్రం వచ్చాక మరో రెండు కూలాయి. మాజీ ఖైదీలు అడ్డుపడబట్టి మిగిలిన మూడింటికీ 1979లో జాతీయ స్మారకం హోదా దక్కింది. శ్రీ విజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) జైలు మ్యూజియానికి వెళ్లినవారు ఏడు రెక్కలనూ నమూనాలోనే చూస్తారు. లేని కట్టడానికి సాక్ష్యం నమూనాయే అయినప్పుడు కోత తప్పితే చరిత్రా తప్పుతుంది.

రెడీమేడ్ కిట్ లేకుండా ఉత్త ప్లాస్టిక్ షీటు, అట్ట, చెక్కలతో చేసే ఈ పనిని స్క్రాచ్‌బిల్డింగ్ అంటారు. అసలు చిక్కు లెక్కలోనే ఉంది. గదులు 690కి పైగా. వెంటిలేటర్‌కు నాలుగు కోతల చొప్పున వేసుకున్నా 2,700 దాటుతాయి. 1:100 స్కేలులో గదికి అర మిల్లీమీటరు తేడా వస్తే, 20 గదుల వరుస ముగిసేసరికి అసలు కొలతలో మీటరు తప్పుతుంది. అందుకే ప్రతి ముక్కనూ విడిగా కొలవకూడదు. చెక్క దిమ్మకు ఒక అడ్డు బిగించి, పట్టీని దానికి ఆనించి బ్లేడు దించితే అన్నీ ఒకే కొలతలో వస్తాయి. చెయ్యి తిరిగినవారు కిటికీ కన్నాలు కొయ్యనే కొయ్యరు. కన్నం చుట్టూ గోడనే పట్టీలుగా పేర్చి అతికిస్తారు.

కత్తి విషయంలో చాలామంది పొరబడేది నంబరు దగ్గర. హాబీ కత్తికీ 11 నంబరు బ్లేడు ఉంది, సర్జికల్ షాపులో దొరికే స్కాల్పెల్‌కూ ఉంది. ఒకదాని పిడికి మరొకటి పట్టదు. స్కాల్పెల్ పలచన, పదునెక్కువ. కాగితానికీ, పలచని అట్టకూ దానికి సాటి లేదు. కానీ పక్కకు ఒత్తితే పుటుక్కున విరిగి కంటికే ఎగరవచ్చు. మిల్లీమీటరు మందం ప్లాస్టిక్‌కు హాబీ కత్తి మేలు. దాన్నీ అడుగుదాకా కొయ్యక్కర్లేదు. స్టీలు స్కేలు ఆన్చి రెండు మూడుసార్లు గీరి వంచితే గీత వెంటే విరుగుతుంది. ఊచల కోసం ఉక్కు తీగ తుంచడానికి ప్లాస్టిక్ కటర్ వాడితే దాని అంచు లొట్టపోతుంది. పడాక్ లాంటి గట్టి చెక్కకు ఏ కత్తీ పనికిరాదు, కంసాలి వాడే సన్నరంపమే దిక్కు.

మొద్దుబారిన కొనను విరిచేస్తే కొత్త కొన వచ్చే కటర్‌ను జపాన్‌కు చెందిన యోషియో ఒకాడా 1956లో రూపొందించారు. చెప్పులు కుట్టేవారు గాజుముక్కను పగలగొట్టి కొత్త అంచు తీసుకోవడం, అమెరికన్ చాక్లెట్ బిళ్లపై విరుపు గీతలు ఆయనకు ఆ ఊహనిచ్చాయి. అండమానీలకు ఇదేమీ కొత్త కాదు. క్షౌరానికి వారు గాజు, క్వార్ట్జ్ పెచ్చులను అప్పటికప్పుడు కొట్టి తీసేవారు. ఒడ్డున చిక్కిన ఓడల ఇనుముతో బాడిసలు, బాణపు ములుకులు చేసుకునేవారు.

ఇనుమును ఈ దీవుల్లో కాపాడుకోవడం మాత్రం కష్టం. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, చుట్టూ ఉప్పుగాలి. కార్బన్ స్టీలు బ్లేడుకు పదునెక్కువే గానీ తెరిచి వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ కాస్త మొద్దయినా నిలుస్తుంది. రేకు పొట్లంలో ఒక్కొక్కటిగా సీలు చేసినవి కొని, పొట్లం విప్పినవాటికి చుక్క మిషన్ ఆయిల్ రాసి సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టడం మంచిది. వాడేముందు ఆ నూనె తుడవాలి, లేదంటే అట్ట మీద మరక మిగులుతుంది. విశాఖ నుంచో, చెన్నై నుంచో విమానంలో తెచ్చుకునేవారు బ్లేడ్లను చేతిసంచిలో కాక చెక్ ఇన్ లగేజీలో, మొనలు కప్పి సర్దుకోవాలి.