కొడుకు ఎన్ని గంటల దూరంలో ఉన్నాడు?

జూబ్లీహిల్స్‌లోనూ ఫిల్మ్ నగర్‌లోనూ తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఎన్నో. "మా అబ్బాయి ఒక్క రోజు ప్రయాణంలోనే ఉన్నాడండీ" అని పెద్దలు ధైర్యం చెప్పుకుంటారు. ఆ ఒక్క రోజును గూర్చి లెక్క వేసి చూద్దాం.

మన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన డాలస్‌నే తీసుకోండి. హైదరాబాదు విమానాశ్రయం నుండి అక్కడికి అతి దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు. పిల్లల గ్లోబు మీద దారం పెట్టి చూస్తే, ఆ దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 16 గంటలు. అయితే ఇది కాగితం మీది లెక్క.

సాధారణంగా దుబాయిలోనో దోహాలోనో విమానం మారాలి. ఇంటి నుండి శంషాబాదుకు ఒక గంట (2008 మార్చి వరకు బేగంపేట మనకు దగ్గర), అక్కడ మూడు గంటలు ముందుండాలి. దుబాయికి నాలుగు గంటలు, అక్కడ నిరీక్షణ మరో నాలుగు, అటుపై డాలస్‌కు 16. దిగాక తనిఖీలు, సామాను, ఇల్లు చేరడం రెండు గంటలు. మొత్తం 30 గంటలు!

డాలస్ నుండి వచ్చేటప్పుడు పడమటి గాలులు తోడై ఒకటి రెండు గంటలు కలిసి వస్తాయి. కానీ గడియారం మన కంటె వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనుక. వేసవిలో సోమవారం మధ్యాహ్నం అక్కడ ఇల్లు వదిలినవాడు ఇక్కడ గడప తొక్కేది బుధవారం తెల్లవారుజామున. టికెట్టు దొరకడానికి పట్టే సమయం వేరు.

ఒకప్పుడు తెలుగు సినిమా రీళ్ళ పెట్టెలు కూడా విమానంలోనే అమెరికా వెళ్ళేవి. పెట్టె రాకపోతే ఆట ఆగిపోయేది. ఇప్పుడు సినిమాకు పెట్టెతో పనిలేదు. మనుమడి ముఖం ఫోనులో క్షణంలో కనబడుతుంది. అందుచేత దూరం తరిగిందనుకుంటాం. మనిషికి మాత్రం తరగలేదు.

ఈ సంగతి మరణం సంభవించిన ఇంట తెలుస్తుంది. "భూస్థాపన ఎప్పుడు?" అంటే "అబ్బాయి విమానం ఎక్కాడా?" అన్నదే జవాబు. ఫ్రీజర్ బాక్సు ప్రక్కన, ఆగుదామని ఒకరు, ఆగలేమని ఒకరు అన్నదమ్ములే మాట పట్టింపులకు పోతారు. దుఃఖంలో ఉన్న తల్లి ఆ తీర్పు చెప్పవలసి వస్తుంది.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకోండి. ఎన్నాళ్ళు ఆగాలో పెద్దలే తమ నోట చెప్పాలి. పిల్లలు పాస్‌పోర్టు, తిరిగి వెళ్ళడానికి కావలసిన వీసా గడువు చూసుకోవాలి. రాలేని పరిస్థితి ఉంటే ముందే చెప్పాలి. దానిని ప్రేమ లేకపోవడంగా ఎవరూ లెక్కించకూడదు.

అన్నిటికంటె ముఖ్యం, ఆ 30 గంటల ప్రయాణం అమ్మానాన్నలు తలుపు తీసి "వచ్చావా నాయనా" అనగలిగిన రోజుల్లోనే చేయండి.