చెరువు శిఖములోని పొదలు – అవి చెప్పు నేల గుణము



మన చెరువుల శిఖములలోను, వాగుల యొడ్డునను తమంత తామే మొలచు పొదలను మనము కలుపని యీసడించి నఱికివేయుదుము. కాని యెవ్వరును విత్తకయే మొలచిన మొక్క తన క్రింది నేల గుణమును దాఁపక చెప్పును. చెరువుమట్టిని పొలములకుఁ దోలించు సంఘసభ్యులు ఈ మొక్కల మాట వినుట నేర్చినచో, బండికూలియు, పైరును నష్టపోకుండఁ గాపాడుకొనవచ్చును.

ఉప్పల్, నాచారము ప్రాంతమునే యుదాహరణముగాఁ దీసికొందము. ఇచ్చటి నేలకు మూలము గ్రానైటు ఱాయి. ఆ ఱాయి శిథిలమై మెరకలందు ఎఱ్ఱచలకయైనది. వర్షపునీరు సన్నని మట్టిని పల్లమునకుఁ గొనిపోఁగా, అచ్చట నల్లని జిగటమన్ను పేరుకొన్నది. ఆ పల్లములకుఁ గట్టలు వేసి మన పెద్దలు చెరువులు నిర్మించిరి. ఉప్పల్ నల్లచెరువు, నాచారపు చెరువు అట్టివే. ఇచ్చటి పల్లపునీరు తుదకు దక్షిణమున మూసీ నదిని జేరును. ఉప్పల్ పురపాలకము 2007లో మహానగరములోఁ గలిసినది. పొలములలో నధికభాగము ఇండ్లును, కర్మాగారములును అయినవి. అయినను మిగిలిన శిఖములందు పాత వరుస యిప్పటికిని గానవచ్చును.

మెరకమీఁద తంగేడు పొదలున్నచో నేల గరుకైనదనియు, నీరు నిలువదనియు గ్రహింపుఁడు. కొంత దిగినచో కాలువగట్లపై వావిలి కనఁబడును. అచ్చట వేళ్లకుఁ జెమ్మ యందుచుండును. శిఖపుటంచున నల్లతుమ్మ నిలుచును. ఇది కొన్నాళ్లు మునుఁగునకును, కొన్నాళ్లు ఎండకును ఓర్చును. దాని క్రిందఁ దుంగ, ఆపైన నీరు విడువని చోట జమ్ము మొలచును.

ఈ వరుసకుఁ గారణము గాలి. నీరు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి యందదు. జమ్మునకును, వరికిని కాడలోపల గాలిగొట్టములు గలవు గనుక అవి బ్రదుకును. తంగేటికి లేవు గనుక చచ్చును. మోరెడు లోతు గొయ్యి త్రవ్వి చూడుఁడు. మన్ను బూడిదవన్నె గలిగి, నడుమ త్రుప్పుచారలున్నచో, ఆ నేల సంవత్సరములోఁ గొంతకాలము నీట మునుఁగునని యర్థము.

ఈ ధర్మము మన చెరువులకే గాదు. హిమాలయములందు సుమారు 10,000 అడుగులకుఁ బైన, పెద్దచెట్లు తఱుఁగుచోట, తడినేలలందు రోడోడెండ్రాను, విల్లో జాతుల పొట్టిపొదలు పెరుగును. అచ్చటఁ జలి, తడి రెండును గలియుటచే రాలిన యాకు త్వరగాఁ గుళ్లదు. ఏండ్లకొలది పేరుకొని నల్లని పులుపుమన్నగును. అందలి సత్తువ మొక్కకు సులభముగా నందదు. మన శిఖములో నట్లు గాదు. వేసవిలో నీరెండి, గాలియు వేఁడియుఁ దగులఁగా, ఆకు, పేడ, గడ్డి త్వరగాఁ గుళ్లి యెరువగును. చెరువుమట్టి విలువకు ఇదియొక ముఖ్యకారణము. 2015లో నారంభమైన మిషన్ కాకతీయ పనులందును పూడికమట్టిని రైతులు పొలములకుఁ దోలుకొనిరి.

అయితే ప్రతి చెరువుమట్టియు నెరువు గాదు. ఈ పాఠమును నేను పరుల పైరు నష్టపఱచి నేర్చుకొంటిని. కొన్నియేండ్లక్రిందట ఒక గ్రామమున, పేరు చెప్పను, ట్రాక్టరు దిగుటకు వీలుగా నున్నదని మొక్కలేని బయలునుండి మట్టి త్రవ్వించితిని. ఒక వృద్ధరైతు పొలమున దానిని పఱపించితిని. వరినారు పసుపువాఱి మాడిపోయెను. ఆయన నన్ను నిందింపలేదు. గట్టుమీఁదఁ గూర్చుండి, "తుమ్మ సుత మొలువని కాడి మట్టి తెస్తిరి, వరి ఎట్ల మొలుస్తదయ్యా?" అని మాత్ర మడిగెను. పిమ్మటఁ బరీక్ష చేయింపఁగా మట్టిలో నుప్పు మిక్కుటముగా నున్నట్లు తేలెను. పరీక్ష ముందు చేయింపవలసినది.

క్రొత్తగా వచ్చిన మొక్కలును సాక్ష్యము చెప్పును. గుఱ్ఱపుడెక్క దట్టముగాఁ గమ్మినచోట మురుగునీరు చేరుచున్నదని యనుమానింపవలెను. అది నీటిలోని లోహములను సైతము పీల్చుకొనును గనుక, కర్మాగారపునీరు కలియు చెరువునుండి తీసిన డెక్కను ఎరువుగుంటలో వేయరాదు. లొట్టపీసు చెట్టు విషము. మేఁకలను దానికి దూరముగా నుంచుఁడు. సర్కారుతుమ్మ మాత్రము నమ్మఁదగిన సాక్షి గాదు; చౌటినేలలో సైతము పెరుగును. కావున అది పచ్చగా నున్నదని మట్టి మంచిదనుకొనరాదు.

సంఘసభ్యులు చేయవలసిన పనులు ఇవి. మట్టి తోలుటకు ముందు నలువురు గూడి శిఖము నడిచి చూడవలెను. తుంగ, నల్లతుమ్మ ఆరోగ్యముగా నున్న చోటు నెన్నుకొని, తెల్లని పొరగట్టిన బయలును విడువవలెను. ఐదాఱుచోట్ల మన్ను దీసి, కలిపి, అరకిలో పరీక్షకుఁ బంపవలెను. సామాన్యపరీక్షలో నుప్పు, క్షారము తెలియును. సీసము, క్రోమియము వంటి లోహములకు వేఱుగా నడుగవలెను. ఇంటివద్ద ఒక కుండలో చెరువుమట్టి, మఱియొకదానిలో మీ పొలపుమట్టి పోసి, ఒక్కొకదానిలో 20 పెసలు విత్తి, పదిదినములు చూడుఁడు. మొలకల తేడాయే తీర్పు చెప్పును. ఇది లోహములను బట్టియియ్యదు గాని, ఉప్పును బట్టియిచ్చును.

మంచి మట్టి దొరికినను, దానిని చలకనేలకే తోలుఁడు. అది చెమ్మను నిలుపును. ఇప్పటికే నీరు నిలుచు జిగటపొలమునకు అది మేలు చేయదు. గట్టునగల వావిలిని, తుమ్మను నఱకకుఁడు. వాని వేళ్లు గట్టును బట్టియుంచును.

ఆ వృద్ధునిపొలము రెండు కారులు పైరులేక యుండెను. మంచినీరు పెట్టి కడిగి, జీలుగ వేసి కలియదున్నిన పిదపనే మూఁడవకారున వరి కంకి వేసెను. మీ కట్టి నష్టము రాకుండుఁగాక.