విమానం ఎన్ని గంటలు? మందులు ఎన్ని గంటలకు?

అమెరికాలో ఉన్న బిడ్డలను చూడటానికి బయలుదేరే తల్లిదండ్రులు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. టికెట్టు చేతికి రాగానే విమానం బయలుదేరే సమయం, చేరే సమయం చూసుకుంటాము. రోజూ మందులు వాడేవారికి మాత్రం అది చాలదు.

దుబాయ్ మీదుగా డల్లాస్ వెళ్లే ప్రయాణమే తీసుకోండి. హైదరాబాదు నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, దాదాపు 4 గంటలు. అక్కడి నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు, దాదాపు 16 గంటలు. చలికాలంలో డల్లాస్ గడియారం దుబాయ్ కంటే 10 గంటలు వెనుక ఉంటుంది. అందువల్ల దుబాయ్‌లో తెల్లవారుజామున 2 గంటలకు విమానం ఎక్కితే, డల్లాస్‌లో అదే రోజు ఉదయం 8 గంటలకు దిగుతారు. టికెట్టు చూస్తే 6 గంటలే అనిపిస్తుంది. శరీరానికి గడిచేది 16 గంటలు!

చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. పడమరకు వెళ్లేటప్పుడు రోజు పొడవవుతుంది. అదనపు భోజనం, ఒక్కోసారి అదనపు మోతాదు అవసరం కావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు రోజు కుదించుకుపోతుంది. మామూలు మోతాదే ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. కాబట్టి ప్రయాణానికి కొన్ని వారాల ముందే టికెట్టు తెచ్చి మీ డాక్టరుగారికి చూపించండి. ఏ మందు ఎన్ని గంటలకు వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. దారిలో చేతి గడియారాన్ని హైదరాబాదు సమయంలోనే ఉంచుకుంటే లెక్క తప్పదు.

ఇన్సులిన్, మాత్రలు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడైపోవచ్చు, పెట్టె ఆలస్యమైతే మందులే ఉండవు.

రెండవ సంగతి కాళ్లు. 4 గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆరోగ్యవంతులలో ఇది అరుదే, సుమారు 6,000 మందిలో ఒకరికి. ఇటీవల ఆపరేషను అయినవారు, గర్భిణులు, క్యాన్సర్ రోగులు, ఇదివరకు ఇలా గడ్డకట్టినవారు మాత్రం ముందుగా సలహా తీసుకోవాలి. వీల్‌చైరు అడిగి తీసుకున్నా, విమానంలో వీలైనప్పుడల్లా లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటనే మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించండి. మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని నీళ్లు మానవద్దు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోవద్దు.

చేరిన తరువాత రోజులు, వారాలు గడిచినా సరే, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా ప్రయాణ బడలిక అని ఊరుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని గంటలు విమానంలో కూర్చున్నారో డాక్టరుకు చెప్పండి.