చిన్నవాని మొర

బెయేర్షెబా అరణ్యంలో తిత్తిలోని నీళ్లు అయిపోయాయి. హాగరు కొడుకును పొద కింద వదిలి, వాడి చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. ఆదికాండం 21:16 హెబ్రీ మూలంలో ఏడ్చింది తల్లి. తర్వాతి వచనంలో దేవుడు విన్నది మాత్రం చిన్నవాని మొర! ఇష్మాయేలు అన్న పేరుకు అర్థమే 'దేవుడు వింటాడు' అని.

పెద్దలమైన మనకు చాలాకాలం వినబడలేదు. నెలలు నిండని శిశువులకు నొప్పి తెలియదనుకుని 1980లలో కూడా చాలాచోట్ల తగినంత మత్తు లేకుండానే ఆపరేషన్లు చేశారు. కదలకుండా చేసే మందు ఉంటే చాలనుకున్నారు. మన దేశంలో వైద్యం చదివిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధించి, నొప్పి తగ్గించే మందు కూడా పొందిన శిశువులే మెరుగ్గా కోలుకున్నారని 1987లో చూపించాక ఆ అలవాటు మారసాగింది.

ఆపరేషన్ అయిన బిడ్డను చూడబోయి "ఏడిస్తే యేసయ్యకు ఇష్టం ఉండదు" అంటుంటాం. ఈ మాట బైబిల్లో ఎక్కడుందో నాకైతే కనబడలేదు. లాజరు సమాధి దగ్గర ఆయనే కన్నీళ్లు విడిచాడు గదా!

కదలక పడుకున్నంత మాత్రాన బిడ్డకు నొప్పి లేదనుకోకూడదు. ఇంజెక్షన్‌కు భయపడి దాచే పిల్లలున్నారు. నొప్పికి లోతుగా ఊపిరి తీయక, దగ్గక, ఛాతీలో కఫం పేరుకునే ప్రమాదమూ ఉంది. అందుకే నర్సులు మాటలు రాని బిడ్డ ముఖం, కాళ్ల కదలిక, ఏడ్పు గమనిస్తారు. కాస్త పెద్దవారికి నవ్వు ముఖం నుంచి ఏడ్పు ముఖం దాకా ఆరు బొమ్మలు చూపిస్తారు. బిడ్డ వేలు పెట్టిన బొమ్మే లెక్క.

డాక్టరు రాసిన నొప్పి మందును "ఓర్చుకుంటాడులే" అని ఆపకండి, వేళకు ఇప్పించండి. ప్రార్థనకు ముందు "ఎక్కడ నొప్పి నాన్నా?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగండి.