కొయ్య కొరికే గుర్రం: లాయపు ‘దురలవాటు’ పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

లాయంలో కట్టివేసిన గుర్రాలు మేత తొట్టి అంచును, తలుపు కమ్మిని, కంచె గుంజను పళ్ళతో పట్టుకోవడం, కొరికి నమలడం అశ్వపోషకులకు చిరకాలంగా తెలిసిన సమస్య. దీనిని గుర్రపు స్వభావదోషంగా భావించి, కొయ్యకు కారం పూయడం, మెడకు పట్టీ బిగించడం వంటి పద్ధతులను అనుసరిస్తున్నారు. కొయ్యను పట్టి గాలి లాగడం, కొయ్యను నమిలి మింగడం అనేవి రెండు వేర్వేరు చేష్టలని, వాటి మూలం ఎక్కువగా మేతలోను కట్టుబాటులోను ఉన్నదని, కనుక నివారణ కూడా అక్కడినుండే మొదలు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. సికిందరాబాదు పరిసరాల గుర్రాల జీవనస్థితిని దృష్టాంతంగా తీసుకొన్నాను.

కీలకపదాలు: అశ్వపోషణ, లాయం, పంటిపట్టు, కొయ్యనమలుడు, సికిందరాబాదు, మేత.

1. ఉపోద్ఘాతం:

సికిందరాబాదును పాతతరం వారు నేటికీ ‘లష్కర్’ అనే పిలుస్తారు. మూడవ నిజాం సికందర్ జా పేరు మీదుగా 1806లో ఈ పేరు పొందిన దండుప్రాంతంలో గుర్రం నిత్యావసరం. దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరును మోస్తున్న రాంగోపాల్‌పేట్, దాని మీదుగా పోయే నాటి జేమ్స్ స్ట్రీట్ (నేటి మహాత్మాగాంధీ రోడ్డు) సైనికుల గుర్రాలను, దొరల బగ్గీలను, జట్కాలను చూసినవే. జట్కా పోయింది. అశ్వికదళం పోయింది. జంటనగరాలలో గుర్రం ఇప్పుడు ప్రధానంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి 1886లో మౌలాలి నుండి మలక్‌పేటకు మారిన పందెపు మైదానం. రెండవది పెళ్ళి ఊరేగింపు.

ఈ రెండు గుర్రాల ఆదరణలో హస్తిమశకాంతరం ఉన్నది. అయితే ఒక విషయంలో రెండూ సమానమే. పందెపు గుర్రానికి ఉదయపు సాధన కొద్దిసేపు, పెళ్ళి గుర్రానికి ఊరేగింపు కొద్ది గంటలు. మిగిలిన కాలమంతా ఒకటి నాలుగు గోడల గదిలో, మరొకటి కట్టుగొయ్య దగ్గర నిలబడి ఉండవలసిందే. తలుపు అంచు అరిగిపోవడం, గుంజ సన్నబడిపోవడం ఆ నిలబడే గంటలలో జరిగే పనులు.

2. రెండు చేష్టలు – పేర్ల సమస్య:

తెలుగులో ఈ చేష్టలకు స్థిరపడిన పారిభాషిక పదాలు లేవు. గుర్రాలు పెంచేవారు ‘క్రిబ్బింగ్’ అన్న ఇంగ్లీషు మాటనే వాడుతున్నారు. ఆ ఒక్క మాటతోనే రెండు భిన్నమైన పనులను చెప్పడం వల్ల చికిత్సలో గందరగోళం ఏర్పడుతున్నది. అందువల్ల ఈ వ్యాసంలో రెండు పదాలను వాడుతున్నాను.

మొదటిది ‘పంటిపట్టు’. గుర్రం ముందుపళ్ళను ఒక స్థిరమైన అంచుకు ఆనించి పట్టుకొంటుంది. మెడ కింది కండరాలను బిగించి వెనక్కు లాగుతుంది. గాలి అన్నవాహికలోకి దూసుకుపోయి గుర్రుమన్న శబ్దం వస్తుంది. కొన్ని గుర్రాలు దేనినీ పట్టుకోకుండానే ఇలా గాలి లాగుతాయి. ఈ గాలి కడుపులోకి చేరి శూలనొప్పి కలిగిస్తుందని పూర్వం నమ్మేవారు. మెక్‌గ్రీవీ, ఆయన సహపరిశోధకులు 1995లో ఎక్స్‌రే తెర సహాయంతో పరిశీలించినప్పుడు, ఆ గాలిలో చాలాభాగం అన్నవాహిక పైభాగం నుండే తిరిగి బయటకు వస్తున్నట్టు తేలింది.

రెండవది ‘కొయ్యనమలుడు’. ఇందులో గాలి లాగడం, శబ్దం ఉండవు. గుర్రం కొయ్యను గీరి, చీల్చి, నమిలి, కొంత మింగుతుంది కూడా. పీచు తక్కువైన మేత దీనికి ప్రధాన కారణం. చలి, తడి ఉన్న రోజులలో ఇది పెరుగుతుందని కూడా గమనించారు. పంటిపట్టు ఒకసారి స్థిరపడితే తొలగడం దుస్సాధ్యం. కొయ్యనమలుడు మేత మారితే చాలావరకు తగ్గుతుంది. ఏది జరుగుతున్నదో తెలుసుకోవడానికి పరికరాలేవీ అవసరం లేదు. కొయ్యమీద గుర్తులు చూస్తే చాలు. అంచు నున్నగా అరిగి, పైన పళ్ళ గాట్లు వరుసగా ఉంటే అది పంటిపట్టు. పెచ్చులు లేచి, ముక్కలు మాయమై ఉంటే కొయ్యనమలుడు.

ఇంగ్లీషు అశ్వవ్యాపార పరిభాషలో పంటిపట్టును ‘స్టేబుల్ వైస్’ అన్నారు, అంటే లాయపు దుర్గుణం. ఆ మాటకు డబ్బు విలువ కూడా ఉన్నది. ఇంగ్లండులోని టాటర్‌సాల్స్ వేలంశాలలో గాలి లాగే గుర్రాన్ని ఆ సంగతి ప్రకటించకుండా అమ్మితే కొన్నవారు తిరిగి ఇచ్చివేయవచ్చు. గుర్రం ధర పడిపోతుంది గనుక యజమాని ముందుగా చేసేది ఆ గుర్తును దాచడం, ఆ తరువాత చేసేది గుర్రాన్ని వదిలించుకోవడం. మన సంప్రదాయంలోనూ ఇందుకు సమానమైన దృష్టి లేకపోలేదు. శాలిహోత్రుని పేర వెలసిన గ్రంథాల నుండి తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం వరకు అశ్వశాస్త్రంలో లక్షణచర్చకు పెద్దపీట ఉన్నది. సుడి ఎక్కడున్నది, వర్ణం ఏది, అది శుభమా అశుభమా అన్న ఆ పరీక్షలో గుణదోషాలు గుర్రం ఒంటిమీదనే ఉంటాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం మరో దారి పట్టింది. ప్రతి గుర్రానికి తూర్పుముఖంగా గాని ఉత్తరముఖంగా గాని ఒక స్థానం, నున్నని పలకలు పరచిన నేల, మేత తొట్టి, మలమూత్రాలు పోయే ఏర్పాటు అని ముందు లాయాన్ని వర్ణించింది. ప్రస్తుత సమస్యకు ఈ రెండవ దృష్టియే ఎక్కువ ఉపకరిస్తుంది.

3. నెమరు లేని జీవి:

తెలుగువారికి ఆవు, గేదె తెలిసినంతగా గుర్రం తెలియదు. గుర్రాన్ని కూడా పశువు లెక్కనే రెండు పూటలా మేత వేసి కట్టివేస్తాం. పొరపాటు ఇక్కడ మొదలవుతుంది. ఆవు గబగబా మేసి, నీడన పడుకొని గంటలకొద్దీ నెమరు వేస్తుంది. మేత అయిపోయిన తరువాత కూడా దాని దవడకు పని ఉంటుంది, నోట లాలాజలం ఊరుతూనే ఉంటుంది. గుర్రానికి నెమరు లేదు. నమలవలసినదంతా మేసేటప్పుడే నమలాలి. అందుకే స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో సుమారు 16 గంటలు మేతలోనే గడుపుతుంది.

గుర్రపు జీర్ణకోశంలో ఒక ప్రత్యేకత ఉన్నది. మేత ఉన్నా లేకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దానిని పలచన చేసే లాలాజలం మాత్రం దవడ ఆడినప్పుడే వస్తుంది. కిలో ఎండుగడ్డి తినడానికి గుర్రానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది, 3,000కు పైగా నమలుళ్ళు కావాలి. కిలో దాణా పది నిమిషాలలో, సుమారు వెయ్యి నమలుళ్ళతో ముగుస్తుంది. బలం కోసమని గడ్డి తగ్గించి ఉలవగుగ్గిళ్ళు, శనగలు, బార్లీ పెంచినప్పుడు గుర్రానికి శక్తి చాలవచ్చు. నమలుడు చాలదు. ఆ మిగిలిన నమలుడుకు దొరికేది తొట్టి అంచు.

పిల్లగుర్రాలపై జరిగిన పరిశోధన ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. వాటర్స్, నికోల్, ఫ్రెంచ్ అనే పరిశోధకులు 225 పిల్లగుర్రాలను నాలుగేళ్ళపాటు గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో 10.5 శాతానికి పంటిపట్టు, 30.3 శాతానికి కొయ్యనమలుడు వచ్చాయి. పంటిపట్టు మొదలైన మధ్యస్థ వయస్సు 20 వారాలు. అంటే తల్లిపాలు మాన్పించే కాలానికి దగ్గరగానే. పాలు మాన్పిన వెంటనే దాణా పెట్టిన పిల్లలలో పంటిపట్టు రేటు నాలుగు రెట్లు. లాయపు గదిలో బంధించి పాలు మాన్పించినప్పుడు అసహజ చేష్టలు ఎక్కువయ్యాయి. పంటిపట్టు ఉన్న పిల్లగుర్రాల కడుపులో పుండ్లు, వాపు అధికంగా కనబడ్డాయని, ఆమ్లహర పదార్థం కలిపిన మేతతో కొంత మెరుగుపడ్డాయని అదే కాలపు మరొక అధ్యయనం చెప్పింది. పుండు వల్ల చేష్ట వచ్చిందా, రెండింటికీ మూలం వేరే ఉన్నదా అన్నది ఇంకా తేలలేదు. ఏమైనప్పటికీ, మనం గుర్రాన్ని కొనే నాటికి ఈ చేష్టకు కొన్నేళ్ళ వయస్సు ఉండవచ్చు. కొత్త యజమాని శిక్షిస్తున్నది ఎక్కడో, ఎప్పుడో జరిగిన ఎడబాటును.

ఒక గుర్రాన్ని చూసి మరొకటి నేర్చుకొంటుందన్న నమ్మకం లాయాలలో బలంగా ఉన్నది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు అన్న సామెతను గుర్రాలకూ వర్తింపజేశాం. దీనికి ఆధారాలు బలహీనమైనవి. ఒకే లాయంలో చాలా గుర్రాలు కొరుకుతూ ఉంటే, ఒకే మేత, ఒకే కట్టుబాటు వాటన్నిటికీ ఉన్నదన్న సంగతిని ముందు చూడాలి. ఈ నమ్మకం వల్ల జరిగే కీడు మాత్రం నిజం. కొరికే గుర్రాన్ని ఒంటరిగా కట్టివేస్తారు. ఒంటరితనం ఆ చేష్టను పెంచే కారణాలలో ఒకటి.

4. అడ్డుకట్టలు – వాటి ఫలితాలు:

ప్రచారంలో ఉన్న మొదటి ఉపాయం కొయ్యకు చేదు గాని కారం గాని పూయడం. కొయ్యనమలుడుకు ఇది తాత్కాలికంగా పనిచేస్తుంది. గుంజ మిగులుతుంది, గుర్రం వేరొక గుంజను వెదుక్కొంటుంది. మిరపకారం గుర్రం కంటిలో, సాయిసు చేతిలో పడే ప్రమాదం చెప్పనవసరం లేదు. వాడిపారేసిన ఇంజను నూనె, తారు పూయడం అంతకంటే హానికరం. అవి విషపదార్థాలు. సీసం కలిసిన పాత రంగు ఉన్న తలుపులను నమిలితే సీసవిషం సోకుతుంది. అంచులకు ఇనుపరేకు తాపడం చేయడం మంచిదే గాని, తుప్పుపట్టి లేచిన రేకు అంచు పెదవిని కోస్తుంది. రేకు వేసేవారు దాని మొనలను మడిచి, మేకుతలలను లోపలికి దిగగొట్టాలి.

రెండవది మెడపట్టీ. గొంతు దగ్గర బిగించే ఈ పట్టీ గుర్రం కండరాలను బిగించినప్పుడు నొప్పి కలిగిస్తుంది. పట్టీ ఉన్నంతసేపు పంటిపట్టు తగ్గుతుంది. మెక్‌గ్రీవీ, నికోల్ 1998లో ప్రకటించిన పరిశీలనలో, కొంతకాలం అడ్డుకొని వదిలిన గుర్రాలు మొదటి రోజున మునుపటికంటే ఎక్కువగా పంటిపట్టు పట్టాయి. అడ్డుకొన్నంత మాత్రాన కోరిక పోలేదు, పోగుపడింది. శస్త్రచికిత్స కూడా ఉన్నది. 1926లో ఫోర్సెల్ ప్రవేశపెట్టిన పద్ధతిలో మెడ కింది కండరాలను కోసి తీసివేసేవారు. తరువాత దానిని సవరించారు. గుర్రానికి నమలడానికి గడ్డి వేయకుండా దాని మెడకండరాన్ని కోయడం వైద్యమనిపించుకొంటుందా అన్నది నాకు జవాబు దొరకని ప్రశ్న.

అయితే పంటిపట్టును నిరపాయమని కొట్టివేయడమూ సరికాదు. ముందుపళ్ళు అరిగి గడ్డి కొరకలేని స్థితి వస్తుంది. పేగు ఒక సన్నని రంధ్రంలో చిక్కుకొనే ప్రాణాంతకమైన శూల ఈ గుర్రాలలో ఎక్కువగా కనబడుతున్నది. కాబట్టి పంటిపట్టు ఉన్న గుర్రం నేల గీరుతూ పొట్టవైపు తిరిగి చూస్తుంటే, ‘అలవాటే కదా’ అని ఊరుకోకుండా వెంటనే వైద్యుని పిలవాలి.

5. మేత, కట్టు, కంచె:

ఎండుమేతను పొడిపదార్థం లెక్కన గుర్రపు బరువులో కనీసం 1.5 శాతం ఇవ్వాలన్నది నేటి పోషణశాస్త్ర సూత్రం. 400 కిలోల గుర్రానికి 6 కిలోల పొడిపదార్థం, అంటే తేమతో కలిపి ఏడు కిలోలకు కాస్త తక్కువ గడ్డి. ఇది కనిష్ఠం. పిండిపదార్థం ఒక పూటకు కిలో బరువుకు ఒక గ్రాము మించకూడదు. ధాన్యంలో సగం పిండిపదార్థమే అనుకొంటే, ఈ గుర్రానికి పూటకు ముప్పావు కిలో ధాన్యం చాలు. ఎక్కువ దాణా అవసరమైతే పూటల సంఖ్యను పెంచాలి. గడ్డి ముందు, దాణా తరువాత.

మన ప్రాంతంలో గుర్రానికి గరికను మించిన గడ్డి లేదు. వరిగడ్డి కడుపు నింపుతుంది, బలమివ్వదు. దవడకు పని కల్పించడానికి కొంత వేయవచ్చు గాని అదే మేత కాకూడదు. ఎండిన జొన్నచొప్ప పరవాలేదు. లేత జొన్న పశువుకు విషమని రైతుకు తెలిసినదే, గుర్రానికీ అంతే. నగరంలో గడ్డి ఖరీదు ఎక్కువ. పెళ్ళి గుర్రం యజమాని రోజుకూలి మీద బతికేవాడు. ముహూర్తాలు లేని నెలలలో గుర్రానికి పని ఉండదు, మేత తగ్గుతుంది, కట్టివేసే గంటలు పెరుగుతాయి. ఈ వాస్తవాన్ని పక్కన పెట్టి చేసే సలహాలు పుస్తకానికే పరిమితమవుతాయి. ఉన్న గడ్డినే చిన్నకన్నుల వలలో నింపి వేలాడదీస్తే తినే కాలం పెరుగుతుంది. పాత చేపలవలతో దీనిని ఇంట్లోనే అల్లుకోవచ్చు. కాలు చిక్కుకోనంత ఎత్తులో కట్టాలి. ఒకేసారి వేసే గడ్డిని నాలుగు విడతలుగా వేయడానికి ఖర్చేమీ లేదు. రాత్రి చివరి విడత ముఖ్యం. తొట్టి అంచు ఎక్కువగా అరిగేది తెల్లవారేలోపే.

అగాడీ పిఛాడీ కట్టి నిలబెట్టిన గుర్రానికి పక్కన మరొక గుర్రం కనబడాలి, వీలైతే మూతి తగలాలి. తోడు దొరకనప్పుడు పందెపు లాయాలలో మేకను తోడు కట్టడం ఉన్నది. అది హాస్యానికి కాదు. రోజుకు ఒకసారైనా కట్టు విప్పి తిప్పాలి. అకారణంగా చాలాసేపు పొట్టి తాటితో కట్టివేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం కూడా.

కంచె విషయంలో ఒక హెచ్చరిక. కొయ్య గుంజలు కొరుకుతున్నవని వాటిని తీసివేసి చెట్లకంచె నాటేవారున్నారు. నగరంలో రోడ్డు మధ్య విభాగినుల మీద తేలికగా పెరిగే గన్నేరునే ఇందుకు ఎంచుకొంటారు. గన్నేరు ఆకు కొద్దిగా తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది. ఎండిన ఆకులో కూడా ఆ విషం పోదు. ఊరేగింపులో రోడ్డు పక్కన గుర్రాన్ని ఆపి వరుని కోసం వేచి ఉండేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

వయసు మళ్ళిన, పంటిపట్టు స్థిరపడిన గుర్రానికి పట్టుకొనడానికి ఒక చోటు మిగల్చడమే మేలు. ఛాతీ ఎత్తున గట్టి కమ్మి బిగించి, దానికి మందపు రబ్బరు చుట్టి, పక్కనే గడ్డి వల వేలాడదీయాలి. చుట్టిన రబ్బరు చీలగానే మార్చాలి, ఊడిన ముక్కను గుర్రం మింగగలదు. ఏడాదికి ఒకసారి ముందుపళ్ళను పశువైద్యునికి చూపించాలి. పళ్ళు బాగా అరిగినవని తేలితే పొడవు గడ్డిని తరిగి, తడిపి వేయవలసి ఉంటుంది.