ఆదివారం డోర్కింగ్ పోదామా?

డిసెంబర్‌లో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆదివారం పదకొండింటికి లేచి, బట్టలు ఉతుక్కుని, వారానికి సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టి కిటికీ వైపు చూస్తే... బయట చీకటి! ఇంతలో అమ్మ వీడియో కాల్. ‘ఇవాళ ఎక్కడికెళ్లావురా?’ ‘ఎక్కడికీ లేదమ్మా.’ చదువుకో, ఉద్యోగానికో ఇంగ్లాండ్ వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఈ ఆదివారం బాగా తెలుసు.

ఎందుకు కదలరూ అంటే డబ్బులంటారు. నిజమే, ఇంటి దగ్గర లోన్ ఉంది. కాఫీ తాగినా మనసులో రూపాయల్లోకి మార్చేసుకుంటాం. కానీ రోజంతా రూమ్‌లో ఫోన్ చూస్తూ పడుకుంటే మిగిలేదెంత? అలా నెలలు గడిచాక దిగులు పట్టుకుంటుంది. పక్క గదిలో ఉన్నవాడికి కూడా చెప్పుకోలేం.

అసలు టికెట్టే లేని చోట్లు బోలెడు. బ్రిటిష్ మ్యూజియంలోకి ఊరికే వెళ్లొచ్చు. అక్కడ అద్దాల గదిలో మన అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇంకా చూడలేదంటే... సర్లెండి, ఈ శనివారం చూసేయండి.

ఆదివారానికి మాత్రం నా ఓటు డోర్కింగ్‌కే. లండన్ విక్టోరియా లేదా వాటర్‌లూ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు గంట. 16-25 రైల్‌కార్డు ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. అది లేకున్నా ముగ్గురు కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్‌తో అంతే తగ్గుతుంది. అందుకే ముందు వాట్సాప్‌లో ‘ఎవరైనా వస్తారా?’ అని ఒక్క మెసేజ్ పడేయండి. ఆదివారాల్లో పట్టాల రిపేర్లుంటే రైలుకు బదులు బస్సు వేస్తారు, బయల్దేరే ముందు యాప్ చూసుకోండి. డిసెంబర్ 25న అయితే ప్లానే వద్దు, ఆ రోజు రైళ్లే ఉండవు.

డోర్కింగే ఎందుకంటారా? ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఇక్కడి శ్మశానవాటికలోనే ఆయన సమాధి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. 1852కల్లా గోదావరికి అడ్డుకట్ట వేసి డెల్టా పొలాలకు నీళ్లిచ్చిన మనిషి, ఇంత దూరంలో, ఇంత చిన్న ఊళ్లో! కోనసీమ కుర్రాళ్లయితే అక్కడ కాసేపు మాట్లాడరు. రెండు పూలు తీసుకెళ్లండి.

అక్కణ్నుంచి బాక్స్ హిల్ దగ్గరే. 2012 ఒలింపిక్స్ సైకిల్ రేసు ఈ కొండ మీదుగానే సాగింది. కింద మోల్ నది మీద అడుగులేసి దాటే రాళ్ల వరస ఉంటుంది. వానలకు రాళ్లు మునిగితే పక్కనే చిన్న వంతెన ఉంది, హీరోయిజం వద్దు. ఆ తర్వాత చెట్ల మధ్య నిట్టనిలువు మెట్లు. ఆయాసం గ్యారంటీ. చలికాలంలో బురద మామూలుగా ఉండదు, తెల్ల స్నీకర్లు రూమ్‌లో వదిలేయండి. మధ్యాహ్నం రెండున్నరకల్లా దిగడం మొదలుపెడితే చీకటి పడదు.

నడక దారిలో ఎదురొచ్చేవాళ్లు ‘మార్నింగ్’ అని నవ్వుతారు. మీరూ అనండి. వారం మొత్తంలో కొత్తవాళ్లతో మాట్లాడిన మొదటి మాట అదే కావచ్చు!

పైకెక్కాక డబ్బాలోని పులిహోర బయటికి తీయండి. ఈసారి అమ్మకు మీరే కాల్ చేసి, కెమెరా అటు తిప్పండి. సిగ్నల్ ఉంటే!